హాజరీ పుస్తకంలో అర గీత

నాకు అక్షరాలు ముప్పై నాలుగేళ్ల వయసులో వచ్చాయి. అప్పటికి పన్నెండేళ్లుగా అక్షరాలు రాస్తూనే ఉన్నాను. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లకు రంగు వేయడం మా ముఠా పనుల్లో ఒకటి. ఏడాదికోసారి రాయికి సున్నం కొట్టి, లోపల మసకగా కనబడే పాత అక్షరాల మీద నల్లరంగు దిద్దాలి. ఆసిఫాబాద్ అని ఎన్ని రాళ్ల మీద రాశానో. అది ఆసిఫాబాద్ అని మాత్రం తెలియదు. మొదటిదానికి వెనక తోక, చివరిదానికి నెత్తి మీద పిలక. అంతే నా చదువు. ఒకసారి ఒక రాయి మీద సున్నం మందంగా పడి నడిమి అక్షరం కనబడలేదు. అక్కడ నాకు తోచింది గీశాను. ఓవర్సియర్ జీపు ఆపి, దిగి చూసి, "గిదే ఊరురా? నా మ్యాపుల లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మాది కరీంనగర్ జిల్లాలో కొండగట్టు దిక్కు ఒక పల్లె. తెలంగాణ లొల్లి నడిచిన అరవై తొమ్మిదిలో బస్సులు నడవక, బజార్లు తెరవక, ఊళ్లో కూలి దొరక్క గోదావరి దాటి మంచిర్యాల వైపు వచ్చాను. రోడ్డు ముఠాలో చేరాను. సర్కారు రోడ్డే. ఏ ఆఫీసు అని అడగొద్దు, చెప్పను.

ముఠాలో పద్దెనిమిది మందిమి. మగవాళ్లం పది, ఆడవాళ్లు ఎనిమిది. గుంతలు పూడ్చడం, కంకర పరచడం, తారు కాచి పోయడం, వానాకాలం మోరీలు తవ్వడం మా పని. మా పాత మేస్త్రీకి చదువు రాదు. హాజరీ గీతల్లో ఉండేది. ఒక పొడుగు పుస్తకం. ఒక్కొక్కరికి ఒక పేజీ. పేజీ నెత్తిన పేరు ఉండదు, గుర్తు ఉంటుంది. నాకు బుట్ట, ఒకాయనకు కన్ను, ఒకామెకు దువ్వెన. సాయంత్రం గడ్డపారలు, తట్టలు లెక్కపెట్టి అప్పగించుకున్నాకే గీత గీసేవాడు. నడుమ వెళ్లిపోయినవాళ్లకు ఏమీ ఉండదు. ఆ విషయంలో చాలా కఠినం.

నాలుగేళ్లకు అతను మంచాన పడ్డాడు. పుస్తకం నా చేతికి వచ్చింది. ఆయన ఇంటికి పోయి ఎట్లా గీయాలని అడిగాను.

"మొగోనికి పూర గీత. ఆడామెకు అర గీత. గంతే."

"అరెందుకు?"

"ఆమెకు అర కూలి గద. నెల ఎళ్లినంక గుమాస్తా సారు రెండు అర గీతలు కలిపి ఒకటి జేసుకుంటడు. నీకేం ఫికర్ లేదు."

నిజంగానే ఫికర్ లేదు. పద్నాలుగు, పదిహేనేళ్లు గీశాను. పొద్దు గూకే వేళ పుస్తకం మోకాలి మీద పెట్టుకుని పది నిలువు గీతలు, ఎనిమిది పొట్టి గీతలు. పొట్టి గీత గీసేటప్పుడు చేతికి ఏమీ అనిపించలేదు. ఏదో అనిపించిందని ఇప్పుడు రాస్తే బాగుంటుంది. కానీ అనిపించలేదు.

మొదట్లో ఆఫీసు రిజిస్టరులో మగకూలికి ఒక రేటు, ఆడకూలికి అందులో సగం రేటు రాసేవారు. కొంతకాలానికి చట్టం మారిందన్నారు. ఆడామె అయినా మగాడయినా ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని, వేరు రేట్లు రాస్తే తనిఖీకి వచ్చినవాళ్లు పట్టుకుంటారని గుమాస్తా చెప్పాడు. ఆయన మంచి మనిషే. మాకు బీడీలు ఇచ్చేవాడు.

"అయితే సారు, ఆడోళ్లకు గూడ పూర కూలొస్తదా?" అన్నాను.

"రేటు పూరనే రాస్త. నువ్వు మాత్రం గీతలు ఎప్పటిలెక్కనే గియ్యి."

"మరి కూలి?"

"అదీ ఎప్పటిలెక్కనే."

నాకు అర్థం కాలేదు. అర్థం కానివి అప్పటికి చాలా ఉండేవి. ఇదీ వాటిలో చేరింది. నెలాఖరున ఆయన చూపించిన చోట వేలిముద్ర వేశాను. ఆడవాళ్లూ వేశారు.

తర్వాత ఒక వానాకాలం మేము ఒక ఊరి బడి పక్కన నాలుగు నెలలు డేరా వేసుకున్నాం. ఆ బడి పంతులు నేను రాయి మీద దిద్దడం చూసి, "ఏం రాస్తున్నవో తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. ఆయన రాయి దగ్గరే కూర్చుని, నేను పన్నెండేళ్లు రాసినదాన్ని నాకు చదివి వినిపించాడు. ఆ నాలుగు నెలల్లో బడి వదిలాక రోజూ గంటసేపు కూర్చోబెట్టాడు. అక్షరాలు వచ్చాయి, అంకెలు వచ్చాయి. అంకెలు త్వరగా వచ్చాయి.

చదువు వచ్చాక మొదటిసారి జీతాల రోజు రిజిస్టరు చదివాను. నాకు ఇరవై ఆరు దినాలు. కంకర కొట్టే ఆమెకు పదమూడు దినాలు. తారు కాచే ఆమెకు పదమూడు దినాలు. రేటు గడిలో అందరికీ ఒకటే అంకె. చట్టం చెప్పినట్టే ఉంది. దాని లెక్కన ఆడవాళ్లు నెలలో సగం రోజులే వచ్చారు, వచ్చిన రోజులకు మగవాళ్లతో సమానంగా కూలి తీసుకున్నారు. తనిఖీకి ఎవరొచ్చినా తప్పు దొరకదు.

చూశాను. సంతకం పెట్టి రిజిస్టరు మూశాను. అది నా మొదటి సంతకం. ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెప్పేవాణ్నేమో, ఎవరూ అడగలేదు.

ఇంకో ఏడేళ్లు గడిచాయి. నేను ప్రైవేటుగా ఏడో తరగతి కట్టి పాసయ్యాను. వయోజన విద్య వాళ్లు ముఠా కూలీలకు చదువు చెప్పేందుకు మనిషి కావాలన్నారు. పని చోటే, మధ్యాహ్నం తిండి తర్వాత గంట. నేను చెబుతానన్నాను. నెలకు కొంత ఇస్తారన్నారు, అందుకే ఒప్పుకున్నాను.

పలక లేదు, బోర్డు లేదు. రోడ్డు పక్కన చెడిపోయిన రోలర్ ఒకటి ఏళ్ల తరబడి పడి ఉండేది. దాని ఇనుప చక్రం మీద సుద్దతో రాసేవాణ్ని. సద్ది తిని ఆడవాళ్లు ఎనిమిది మందీ నీడకు చేరేవారు. మగవాళ్లు వచ్చేవారు కారు, కొంచెం దూరంలో పడుకుని వింటూ వెక్కిరించేవారు.

వాళ్లిచ్చిన పుస్తకంలో లెక్కలన్నీ మామిడిపండ్ల మీద ఉండేవి. ఒకడి దగ్గర పన్నెండు పండ్లుంటే ముగ్గురికి ఎన్నేసి.

"గా పండ్లు మాకిచ్చెటోడు ఎవడు? ముందు వాని పేరు చెప్పు" అనేది తారు కాచే ఆమె.

ఆమె గురించి చెప్పాలి. నలభై దాటి ఉంటుంది. తారు డ్రమ్ము కింద మంట పెట్టడం, కాగిన తారు బకెట్‌తో ముంచి మోయడం ఆమె పని. ముఖం, చేతులు ఎండిన కట్టెలా ఉండేవి. ఆమె భర్త కూడా మా ముఠాలోనే ఉండేవాడు. నడిచే రోలర్ ముందు ఎర్రజెండా పట్టుకుని బస్సులు ఆపడం అతని పని. ఇద్దరూ పదకొండు కిలోమీటర్ల దూరం నుంచి ఒకే సైకిలు మీద వచ్చేవారు. అతను తొక్కేవాడు, ఆమె వెనక సద్దిగిన్నె ఒడిలో పెట్టుకుని కూర్చునేది. అతనికి పూర గీత. ఆమెకు అర గీత.

పండ్ల లెక్కలు వదిలేశాను. ఆ రోజుల్లోనే వయోజన విద్య సూపర్‌వైజరమ్మ నాకు ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. కూలీల చట్టాల మీద. అందులోంచి ఒక వాక్యం చక్రం మీద రాసి చదివించాను. ఒకే పనికి ఒకే కూలి.

"ఒకే పని అంటె ఏంది మేస్త్రీ?" తారు ఆమె అడిగింది. "నేను తారు మోస్త, నా మొగడు జెండ మోస్తడు. గిది ఒకే పనేనా?"

"తూకం వేద్దాం" అన్నాను.

కిరాణా కొట్టు కాంటా మీద నిండు బకెట్ పెట్టించాం. పదహారు కిలోలు. దినానికి ఎన్నిసార్లు మోస్తావంటే యాభైకి తక్కువ కాదంది. గుణకారం అప్పుడే నేర్పుతున్నాను. ఆమె చక్రం మీద తానే వేసింది. ఎనిమిది వందలు. కాసేపు ఆ అంకెనే చూసింది.

"ఎనిమిది క్వింటాళ్లా? ఒక్క దినంల?"

"లెక్క అట్లనే వస్తుంది."

"మరి జెండ?"

జెండా పావుకిలో ఉంది. నీడలో పడుకున్న భర్త లేచి కూర్చున్నాడు.

"నిలబడుడు అల్కగుంటదనుకుంటున్నరా? బస్సోడు అమ్మనాబూతులు తిడుతడు. గవి ఎవరు మోస్తరు?"

"తిట్లు గూడ కాంటమీద పెట్టు, చూద్దాం ఎన్ని కిలోలుంటయో" అంది ఆమె. అందరూ నవ్వారు, అతను కూడా. అప్పటికి ఇంకా నవ్వులాటే.

ఆ ఏడాది చివర్లో సర్కారు కాగితం వచ్చింది. వరసగా ఐదేళ్లు, ఏడాదికి రెండు వందల నలభై దినాలకు తక్కువ కాకుండా పనిచేసిన కూలీలను పర్మినెంటు చేస్తారట. గుమాస్తా రిజిస్టర్లు చూసి జాబితా తయారుచేసి ఆఫీసు గోడకు అంటించాడు. మగవాళ్లం పదిమందిమీ ఉన్నాం. ఆడవాళ్లు ఒక్కరూ లేరు.

వాళ్లు నన్ను ఎందుకని అడిగారు. ఈసారి అడిగారు. మర్నాడు మధ్యాహ్నం చక్రం మీద లెక్క రాశాను. ఒకామె ఏడాదిలో మూడు వందల దినాలు పనికి వచ్చింది. మేస్త్రీ రోజూ అర గీత గీశాడు. పుస్తకంలో ఎన్ని దినాలు పడ్డాయి?

కంకర కొట్టే ఆమె వేళ్లు మడిచి నూట యాభై అంది. మిగతావాళ్లూ నూట యాభై అన్నారు. సరిగ్గా చేశారు. భాగహారం వాళ్లకు వచ్చేసింది.

తారు ఆమె ఒక్కతే లేచి చక్రం దగ్గరికి వచ్చి నిలబడింది.

"గిదేం లెక్క మేస్త్రీ? కూలి సగమైతది, ఒప్పుకుంట. దినం సగమెట్లయితది? పొద్దు నాకు సగమే గూకుతాందా?"

"లేదు."

"మరి గా గీతలు ఎవరు గీసిండ్రు?"

"నేనే."

"నీకెరుకేనా, గిట్ల దినాలు పోతున్నయని?"

"ఏడేండ్ల నుంచి ఎరుక."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సుద్ద తీసుకుని నూట యాభైని కొట్టేసి మూడు వందలు రాసింది. గంట అయిపోయింది, తారు చల్లారిపోతుందని వెళ్లిపోయింది.

ఆ వారం పాఠం అర్జీ రాయడం. లేబరు ఆఫీసుకు ఆడవాళ్లు ఎనిమిది మందీ రాసిన అర్జీ. మాటలు నేను చెప్పాను, చేతిరాత వాళ్లది. ఐదేళ్ల దినాలు ఒక్కొక్కరికీ కూడి రాశారు. కింద సంతకాలు పెట్టారు, ఒక్కటీ వేలిముద్ర లేదు. సాక్షిగా నేనూ సంతకం పెట్టాను.

గుమాస్తా మగవాళ్లను చాయ్ హోటలుకు పిలిచి మాట్లాడాడు. ఆడవాళ్ల గీతలు తప్పయితే పుస్తకమే తప్పు అవుతుంది. పుస్తకం తప్పయితే మీ పూర గీతలు నిజమని ఎవరు నమ్ముతారు? మొత్తం జాబితా రద్దవుతుంది. ఇది ఆయన చెప్పిన మాట. బెదిరింపులా చెప్పలేదు, లెక్కలా చెప్పాడు.

ఆ సాయంత్రం పనిముట్లు అప్పగించేటప్పుడు మగవాళ్లు నా చుట్టూ చేరారు.

"నువ్వు గూడ జాబితల ఉన్నవ్ గద మేస్త్రీ. నీ కడుపు నువ్వే కొట్టుకుంటవా?"

"ఆడోళ్లకు నౌకరెందుకే? మొగుడు తెస్తె తింటరు."

"సర్కారు మెడల దండేస్తనంటే నువ్వేందయ్య, కత్తెర పట్టుకొని నిలబడ్డవ్!"

జెండా పట్టే అతను మాత్రం సైకిలు పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. అతని భార్య తట్టలు లెక్కపెట్టి నాకు అప్పగించి, వెళ్లి సైకిలు వెనక కూర్చుంది. ఆ దినం ఆమె పేజీలో పూర గీత గీశాను. మిగతా ఏడుగురికీ అంతే. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. చేయి పొట్టిగానే ఆగబోయింది, కిందికి లాగాల్సి వచ్చింది.

రెండు నెలలకు మంచిర్యాలలో విచారణ పెట్టారు. ఒక పాత బంగళా వరండాలో బల్ల, నాలుగు కుర్చీలు. లేబరు ఆఫీసరు నడివయసు మనిషి, జలుబుతో ఉన్నాడు. మాటమాటకూ రుమాలు తీశాడు. గుమాస్తా రిజిస్టర్లు తెచ్చాడు. నేను గీతల పుస్తకాలు తెచ్చాను, సంచినిండా.

"ఇవి నువ్వు గీసినవేనా?" అన్నాడు ఆఫీసరు.

"అవును సార్."

"ఈ చిన్న గీతంటే ఏంది?"

"ఆడామె సార్."

"సగం దినం కాదా?"

"కాదు సార్. పూర దినమే. సగం దినం చేసినోళ్లకు నేను గీతే పెట్టలే. సాయంత్రం పనిముట్లు అప్పజెప్పినంకనే గీత."

"మరి సగం ఎందుకు గీసినవ్?"

"గట్లనే గియ్యాలన్నరు, గీసిన."

"ఎన్నేండ్లు?"

"పదిహేనేండ్లు దాటింది సార్."

ఆయన ముక్కు తుడుచుకుని రాసుకున్నాడు. మేస్త్రీ మాట ఒక్కటే చాలదన్నాడు. ఏడాదంతా ఆమె పూర్తి దినాలు వచ్చిందని ఇంకెవరయినా చెప్పాలి. తారు ఆమె తన భర్తను చూపించింది. ఈయన వచ్చిన ప్రతి దినం నేనూ వచ్చిన సార్, ఒకటే సైకిలు, అంది. రిజిస్టరులో అతనికి ఆ ఏడాది రెండు వందల తొంభై దినాలున్నాయి. ఆమెకు నూట నలభై అయిదు. సరిగ్గా సగం. ఆఫీసరు ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసి అతన్ని పిలిచాడు.

"నీ భార్య నీతోనే వచ్చేదా?"

"వచ్చేది సార్."

"సాయంత్రందాక ఉండేదా?"

అతను గుమాస్తా వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. వరండా కంబాన్ని చూస్తూ చెప్పాడు.

"మధ్యాహ్నం దాకనే సార్. తర్వాత ఇంటికి పోయేది, వంటకు."

గుమాస్తా రిజిస్టరు పేజీ తిప్పాడు. ఆఫీసరు కలం ఎత్తాడు. అప్పుడు ఆమె లేచింది.

"సార్, నేనొక మాట అడుగొచ్చునా? ఈయననే."

"అడుగు."

"ఇంటికి ఎన్ని కిలోమీటర్లు?"

"పదకొండు" అన్నాడు అతను.

"సైకిలెవరి తాన ఉంటుండె?"

"నా తాన."

"అయితె నేను నడిచి పోయిన. గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తరని మేస్త్రీ చెప్పిండు. నాకైతె గా తారు చెప్పులతోని నాలుగు గూడ నడువరాదు. పోనీ నాలుగే అనుకో. పదకొండుకు ఎంతసేపు?"

ఆఫీసరే చెప్పాడు. "రెండు ముప్పావు."

"ఒంటిగంటకు బయలెల్లితె మూడు ముప్పావుకు ఇల్లు. పొయ్యి ముట్టిచ్చి, వండి, దించేటాలకు అయిదు. మరి ఆరింటికి నీ సైకిలెనుక కూసుండి వచ్చింది ఎవరు? నీ సద్దిగిన్నె ఒడిల పెట్టుకున్నది ఎవరు? దినాం వస్తుంటిమి గద, తొవ్వపొంటి ఊరోళ్లందరు చూసిరి. నేను కాకపోతె ఎవతెనన్న ఎక్కించుకున్నవా?"

బల్ల దగ్గర కూర్చున్న టైపిస్టు నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. రుమాలు జేబులో పెట్టుకుని, "మళ్ల చెప్పమ్మా, రాసుకుంట" అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. పదకొండు, నాలుగు, రెండు ముప్పావు. అంకెలు ఒక్కటీ తడబడలేదు. అతను తల దించుకుని, "సాయంత్రందాక ఉండేది సార్" అన్నాడు. అదీ రాసుకున్నారు.

సాయంత్రం వాళ్లిద్దరూ ఏమి మాట్లాడుకున్నారో తెలియదు. మర్నాడు పనికి వచ్చారు.

జాబితా రద్దు కాలేదు. మగవాళ్ల ఆర్డర్లు రెండు నెలలు ఆలస్యంగా వచ్చాయి, తొమ్మిది మందికి. నాకు రాలేదు. తప్పుడు హాజరీ రాసినందుకు నన్ను పనిలోంచి తీసేశారు. అది నిజమే కాబట్టి నేను అర్జీ పెట్టుకోలేదు. గుమాస్తాకు ఏమీ కాలేదు. పుస్తకంలో ఉన్నదే ఎక్కించానని రాసిచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్లు హోటల్లో నేను కూర్చున్న బల్ల దగ్గర మగవాళ్లు కూర్చునేవారు కారు. చాయ్ ఒక్కణ్నే తాగాను. చక్రం దగ్గర పాఠం మాత్రం ఆపలేదు. ఆ పైసలు ఆఫీసువి కావు, వయోజన విద్యవి. రోజూ మధ్యాహ్నం వెళ్లేవాణ్ని.

ఆడవాళ్ల ఆర్డర్లు రావడానికి రెండేళ్లు పట్టింది. అప్పటికి ఇద్దరు పని మానేశారు. మిగిలిన ఆరుగురికి వచ్చాయి. తారు ఆమె తన కాగితం తెచ్చి చక్రం పక్కన నిలబడి గట్టిగా చదివింది. వేలు పెట్టి, ఒక్కో మాట. పేరు వచ్చింది. పని పేరు వచ్చింది. తర్వాత సర్వీసు మొదలయిన తేదీ వచ్చింది. అది ఆ నెల తేదీ.

"మేస్త్రీ, గిది మొన్నటి తారీకు. ఎనుకటి ఏండ్లు ఏడ రాసిండ్రు?"

నేను కాగితం తీసుకుని రెండుసార్లు చదివాను.

"రాయలేదు."

"అయిదేండ్ల దినాలు మనం కూడి ఇచ్చినం గద?"

"పర్మినెంటు చేయడానికి లెక్కపెట్టారు. సర్వీసుకు లెక్కపెట్టలేదు."

ఆమె కిందికి చదివింది. వయసు యాభై నాలుగు అని ఉంది. ఆమె వయసు ఆమెకు తెలియదు. గుమాస్తా ఆమె ముఖం చూసి రాశాడు. తారు మంట దగ్గర ఇరవై ఏళ్లు నిలబడిన ముఖం. అదే గుమాస్తా ఆమె భర్త ముఖం చూసి నలభై ఎనిమిది రాశాడు.

"నా మొగునికి నేను అక్కనయిననే!" అంది కంకర కొట్టే ఆమెతో. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు అయిపోయాక ఆమె సుద్ద తీసుకుంది. అరవైకి నౌకరీ దిగిపోవాలి. అరవైలోంచి యాభై నాలుగు తీసేస్తే ఆరు. పింఛను రావాలంటే పదేళ్లు కావాలని చట్టాల పుస్తకంలో నేనే చదివించాను. ఆ పది కింద ఆరు రాసింది. నాలుగు తక్కువ. వెనకటి ఏళ్లలో నాలుగు కలిపినా చాలు. ఆమె దగ్గర పద్దెనిమిదో పంతొమ్మిదో ఉన్నాయి.

నేను సంచిలోంచి తెల్లకాగితం తీశాను.

"ఇంకో అర్జీ రాద్దామా?" అన్నాను.

"రాద్దాం. లెక్క నేను జేస్త. నువ్వు మాటలు జూడు."

రాశాం. పోస్టు చేశాం. రెండోసారి, మూడోసారి రాశాం. జవాబు రాలేదు. జెండా పట్టే అతనికి పింఛను వస్తుంది. ఇంట్లోకి వచ్చే పింఛను ఒకటుంది గద అని ఆఫీసులో ఒకరు ఆమెతో అన్నారట. ఆమె నాకు ఆ మాట చెప్పి, "ఆయిన బస్సులాపినందుకు ఇస్తరు. నేను తారు మోసినదానికి ఎవరిస్తరు?" అంది. కోపంగా అనలేదు. వానపడేట్టుంది అన్నట్టు అంది.

ఆరేళ్లు చేసింది, పూర్తి జీతం మీద. తారు దగ్గరే ఉంచారు. దిగిపోయే దినం నేను అక్కడ లేను, కంకర కొట్టే ఆమె చెప్పింది. కొత్త మేస్త్రీ చదువుకున్నవాడు, పేర్లు రాసే హాజరీ. ఆ చివరి నెల పేజీ కింద సంతకం పెట్టమన్నాడట. ఆమె పెట్టలేదు. ముందు పేజీ మొత్తం వేలు పెట్టి కూడింది. ఒక దినం తక్కువ పడిందని చూపించింది. అతను పాత చీటీలు వెతికి, అవునని, దిద్దాడు. ఆమె మళ్లీ మొదటినుంచీ కూడి చూసి, అప్పుడు సంతకం పెట్టింది.